డాక్టరుగారి బోటుకి ఆయుధపూజ

"సగం" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం కప్పు కాఫీ చాలండీ అన్నవాళ్ళని కూడా ఒక చూపు చూస్తాను. వాళ్ళ తప్పేమీ లేదు పాపం. ఒక బోటు, దాని గ్యాస్ ట్యాంకు, ఆ ట్యాంకు విషయంలో వారానికోసారి మనసు మార్చుకున్న ఒక పెద్దమనిషి కలిసి నన్నిలా తయారుచేశారు.

మొన్న ఒక పెళ్ళిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఫార్మా కంపెనీలో కొత్తగా చేరిందట, "ఆంటీ, మీ ఫస్ట్ జాబ్ ఏంటి?" అని అడిగింది. "బోట్‌యార్డ్‌లో" అన్నాను. "ఓ మై గాడ్, సో కూల్!" అంది. కూలూ లేదు, నా మొహమూ లేదు. నవంబరు సముద్రపు గాలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే కార్బన్ పేపరు పెట్టి టికెట్లు రాసే పని అది. ఆ పిల్లకి వివరంగా చెబుదామనుకునేలోపు భోజనాలకి రమ్మన్నారు. బిర్యానీ ముందు నా కథ ఎవరికి కావాలి? అందుకని ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు చదివితే సంతోషం. ఇది నేను సాధించిన ఘనకార్యం కాదు. నావల్ల ఒక మంచి పనివాడి ఉద్యోగం పోయిన సంగతి.

డెబ్భైల చివర్లో, గ్యాస్ కోసం, అదే మన పెట్రోలు కోసం, కార్లు వీధి మలుపుదాకా బారులు తీరిన ఏడాది, మేమిద్దరం న్యూజెర్సీలో దిగాం. మావారికి యూనివర్సిటీ ల్యాబ్‌లో పని. నా దగ్గర వాల్తేరులో చేసిన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా ఉంది, పని లేదు. పిస్కాటవేలో అపార్ట్‌మెంట్ దొరికేదాకా రెండు నెలలు ఒక తెలుగు డాక్టరుగారింటి బేస్‌మెంట్‌లో ఉన్నాం. ఆయన మాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల దిగిన తెలుగు కుటుంబాలన్నీ ఆ బేస్‌మెంట్ మీదుగా వెళ్ళినవే. అన్నం పెట్టారు, డ్రైవింగ్ నేర్పారు, తన పేషెంట్లలో ఒకాయనకి బోట్‌యార్డ్ ఉంటే మాట్లాడి నాకు ఉద్యోగం కూడా ఇప్పించారు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. ఆయన మాట కాదనడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే అనుకునేదాన్ని.

యార్డ్ మా ఇంటికి ముప్పావుగంట దూరంలో, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చోట ఒడ్డున ఉండేది. నా కుర్చీ సర్వీస్ డెస్క్ వెనక. అక్టోబరు రాగానే బోట్లన్నీ నీళ్ళలోంచి పైకి తీసి, స్టాండ్ల మీద నిలబెట్టి, ఏప్రిల్ దాకా షెడ్డులో నిద్రపుచ్చాలి. ఒక్కో బోటుకి ఒక టికెట్, అంటే చెయ్యాల్సిన పనుల చీటీ. ఇంజిన్‌లో నీళ్ళు తీసేయడం, చలికి గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ పోయడం, బ్యాటరీ విప్పడం, ట్యాంకులో గ్యాస్ ఎంత ఉంచాలో రాయడం. మొదటి మూడింటితో ఏ గొడవా లేదు. నాలుగోదానితోనే నా ప్రాణం పోయేది. ఇంజిన్ గురించి ఓనామాలు తెలియని కస్టమర్లకి కూడా ట్యాంకు దగ్గరికొచ్చేసరికి ఒక సిద్ధాంతం ఉండేది.

నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. ట్యాంకు సగం ఉంటే మిగతా సగం గాలి. గాలిలో తేమ ఉంటుంది. పగలు కాస్త వేడి, రాత్రి గడ్డకట్టే చలి, ఇలా ఆరు నెలలు సాగితే ఇడ్లీ పాత్ర మూత లోపల పట్టినట్టు ట్యాంకు గోడలకి నీళ్ళు పడతాయి. గ్యాస్ కంటే నీళ్ళు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. ఏప్రిల్‌లో ఇంజిన్ మొట్టమొదట తాగేది ఆ నీళ్ళే. అందుకని నింపి ఉంచాలి. అలాగని అంచుదాకా పొయ్యకూడదు. ఎండ కాసిన రోజు గ్యాస్ ఉబ్బి గాలిగొట్టంలోంచి బయటికి కారుతుంది. కాస్త వెలితి ఉంచి, చెడిపోకుండా మందు కలిపి, ఆ మందు కార్బురేటర్ దాకా చేరేలా పది నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపేయాలి. అంతే. కాదంటే మొత్తం తీసెయ్యొచ్చు, కానీ అదో పెద్ద తతంగం. గ్యాస్ పోయినా దాని ఆవిరి అంత తొందరగా పోదు. నిండు ట్యాంకు కంటే అప్పుడే ఖాళీ చేసిన ట్యాంకుకే ఎక్కువ భయపడాలి.

ఈ పాఠం నాకు చెప్పింది యూనివర్సిటీ కాదు, మా ఫోర్‌మన్. అరవై దాటిన మనిషి, చేపలు పట్టే కుటుంబంలో పుట్టినవాడు, హైస్కూలు కూడా పూర్తిచెయ్యలేదు. నా పేరు నోరు తిరగక నన్ను "కెమిస్ట్" అని పిలిచేవాడు. మొదట్లో వెక్కిరింత అనుకుని ముడుచుకుపోయాను. తరవాత తెలిసింది, వెక్కిరింతే, కాకపోతే ముద్దుగా. ఇంకో రెండు సీజన్లు చేస్తే రిటైర్ కావొచ్చునని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. భార్యకి ఒంట్లో బాగుండేది కాదు. ఆవిడ ఆస్పత్రులు, మందులు అన్నీ ఈ ఉద్యోగపు ఇన్సూరెన్స్ మీదే. ఈ సంగతి యార్డ్‌లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఓనరు వేరే బాపతు. కస్టమర్ ఏమంటే అదే వేదం. పొద్దున ఒక కస్టమర్ ట్యాంకు నింపమంటే "భేష్" అనేవాడు, సాయంత్రం ఇంకొకడు ఖాళీ చెయ్యమంటే దానికీ "భేష్" అనేవాడు. మధ్యలో నలిగేది నేనూ, ఫోర్‌మనూ.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో డాక్టరుగారు బోటు కొన్నారు. ఇరవై ఏడడుగులది, తెల్లగా మెరిసిపోతూ ఉండేది. మాకు తెలిసిన తెలుగువాళ్ళలో అదే మొదటి బోటు. ఆయనకి ఈత రాదు, అది వేరే విషయం. ఆయన్ని చూసి ఇంకో నలుగురు డాక్టర్లు కొనేలా ఉన్నారని తెలిసి మా ఓనరు మొహం చాటంతయింది. సెప్టెంబరు ఆఖర్న మొదటి ఫోన్ వచ్చింది.

"ఏమ్మా, వింటర్‌కి ట్యాంక్ ఫుల్ చేయించు."

హమ్మయ్య అనుకున్నాను. టికెట్ రాశాను, ఫోర్‌మన్ నింపాడు. వారం తిరక్కుండా రెండో ఫోన్.

"అమ్మాయీ, మా హాస్పిటల్‌లో ఒకతను ఫుల్ ట్యాంక్ డేంజర్ అంటున్నాడు. సగం ఉంచు. మరీ ఫుల్ వద్దు, మరీ ఎంప్టీ వద్దు."

"అన్నయ్యగారూ, సగం మంచిది కాదండీ, లోపల నీళ్ళు పడతాయి."

"నీకు తెలీదులేమ్మా, నేను కనుక్కున్నాను."

ఆయన చేసే ఆపరేషన్ల గురించి నేనెప్పుడైనా ఫోన్ చేసి "సగం కుట్టండి చాలు" అన్నానా? అనలేదు. "అలాగేనండీ" అన్నాను, పాత టికెట్ చింపి కొత్తది రాశాను. ఫోర్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కెమిస్ట్, ఈ సగం ఎవరికోసం? ఇంజిన్‌కోసమా, డాక్టర్‌కోసమా?" అన్నాడు. డాక్టర్‌కోసమే అన్నాను. గొణుక్కుంటూ పోసిన గ్యాస్‌లో సగం తీసి, బోటుని షెడ్డులో వెనక వరసలోకి నెట్టించాడు. దాని ముందు ఇంకో తొమ్మిది బోట్లు వచ్చి కూర్చున్నాయి.

మూడో ఫోన్ ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. ఈసారి ఆయన ఏదో మ్యాగజైన్ చదివారు.

"అంతా తీయించెయ్యమ్మా. కంప్లీట్‌గా. ఒక్క డ్రాప్ ఉండకూడదు. ఆఁ, ఇంకోటి. రేపు దసరా చేసుకుంటున్నాం కదా, అమ్మ బోటుకి కూడా ఆయుధపూజ చేద్దామంటోంది. ఫస్ట్ ఇయర్ కదా. లెవెన్‌కి వస్తాం. ఫైవ్ మినిట్స్. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చేసి వెళ్ళిపోతాం. నువ్వుంటావుగా?"

హారతి అన్న మాట చెవినపడగానే వద్దండీ అనాల్సింది. ట్యాంకులో గ్యాస్ తీసేచోట నిప్పు పనికిరాదని చెప్పడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, ఎమ్మెస్సీ ఉండి కూడా నేను చెప్పలేదు. కళ్ళముందు ఆ బేస్‌మెంట్ కదిలింది. ఇండియానుంచి ఆరు నెలలకని వచ్చిన ఆయన తల్లిగారు, మేమంతా మామ్మగారు అనేవాళ్ళం, ఆవిడ పండగపూట అడిగిన కోరిక. ఎలా కాదంటాను? "ఉంటానండీ, రండి" అన్నాను. మనసులో ఒక లెక్క వేసుకున్నాను. ఫోర్‌మన్ ఏడింటికి మొదలుపెడితే తొమ్మిదింటికల్లా ట్యాంకు ఖాళీ. రెండు గంటలు గాలి ఆడుతుంది. శనివారాలు ఆయన పదింటికి ఇంటికి వెళ్ళిపోతాడు. వీళ్ళు పదకొండుకి వస్తారు. ఆయనకి తెలీదు, వీళ్ళకి తెలీదు, అందరూ సంతోషం. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కొత్త టికెట్ తీసుకుని వెళ్తే ఫోర్‌మన్ టోపీ తీసి బెంచీ మీద కొట్టాడు.

"మళ్ళీ మార్చావా! షెడ్డులో ట్యాంకు ఖాళీ చెయ్యకూడదు, అది రూలు. బయటికి లాగాలంటే తొమ్మిది బోట్లు కదపాలి."

"ఓనర్‌ని అడిగాను. తలుపులు తెరిచిపెట్టి అక్కడే తీసెయ్యమన్నారు. ప్లీజ్, డాక్టరుగారు అడిగారు."

ఆయన టోపీ మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. "సరే. రేపు పొద్దున తీస్తాను. కానీ ఆ చుట్టుపక్కల పురుగు కూడా ఉండకూడదు. రేపు ఎవరైనా వస్తున్నారా?"

"లేదు, ఎవరూ రారు" అన్నాను.

మొహంలోకి చూసి మరీ చెప్పాను. ఎందుకు చెప్పానని అడిగితే, ఆయన "వద్దు" అంటే ఆ వద్దుని తీసుకెళ్ళి డాక్టరుగారికి ఇవ్వాల్సింది నేనే కాబట్టి. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

మర్నాడు ఎనిమిదిన్నర కాకుండానే యార్డ్ గేటులోకి డాక్టరుగారి కారు వచ్చింది. పట్టుచీరలు, పూలసజ్జ, కొబ్బరికాయలు.

"అదేంటి వదినగారూ, లెవెన్ అన్నారుగా?"

డాక్టరుగారి భార్య చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగింది. "తొమ్మిదింటికి రాహుకాలం వచ్చేస్తోందమ్మా. పదిన్నర తరవాత వర్జ్యం. ఇంట్లో క్యాలెండర్ చూస్తే రాత్రి తెలిసింది. మధ్యాహ్నం అరవైమంది భోజనాలకి వస్తున్నారు, మళ్ళీ ఎప్పుడు కుదురుతుంది? ఇప్పుడే కానిచ్చేద్దామని."

ఏమనాలి చెప్పండి? తిథి ఏనాడో దాటిపోయింది. పండగ ఏ వారం వచ్చినా మాకు వీలైన శనివారానికి ఈడ్చుకొచ్చేవాళ్ళం. రాహుకాలం దగ్గరికొచ్చేసరికి మాత్రం నిమిషం కూడా రాజీ లేదు! అదీ ఆ క్యాలెండర్‌లో ఉన్నది విజయవాడ టైమో, న్యూజెర్సీ టైమో పట్టించుకున్న నాథుడు లేడు.

అప్పుడే ఫోర్‌మన్ నిండిన డ్రమ్ము ఒకటి తోపుడుబండి మీద పెట్టుకుని, మాకేసి చూడకుండానే యార్డ్ అవతలి కొసకి వెళ్తున్నాడు. ఖాళీది తెచ్చుకోవడానికి. పని ఇంకా సగంలో ఉందన్నమాట. "లోపల పని జరుగుతోందండీ, కాస్త ఆగుదామా" అన్నాను, నాకే వినపడనంత నెమ్మదిగా. "ఫైవ్ మినిట్సేనమ్మా" అంటూ డాక్టరుగారు షెడ్డులోకి నడిచారు. వాళ్ళ వెనక నేనూ నడిచాను.

మేం నలుగురం. బోటు ముందుభాగానికి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, దండ వేశారు. కాంక్రీటు నేలమీద కొబ్బరికాయ కొట్టారు. అది రెండు సమానమైన చెక్కలుగా పగిలిందని వదినగారు మురిసిపోయింది. అక్కడితో ఆపేస్తే బాగుండేది. మామ్మగారు బోటుకేసి ఎగాదిగా చూసి, "ఒరే, ఆయుధమంటే ఇంజినే కదరా. హారతి దానికివ్వాలి గానీ ఈ ముక్కుకెందుకు? అదెక్కడుంది?" అన్నారు.

"వెనకాలమ్మా" అన్నారు డాక్టరుగారు. అందరం వెనక్కి వెళ్ళాం.

ఇక్కడొక్క ముక్క చెప్పాలి. బోటు ఒడ్డెక్కించాక అడుగున చేరిన నీళ్ళు కారిపోవడానికి వెనకవైపు ఒక బిరడా తీసేస్తారు. గ్యాస్ ఆవిరి గాలికంటే బరువు. పైకి లేవదు, బోటు అడుగుకి దిగి, ఆ కన్నంలోంచి బయటపడి, నేలమీద పరుచుకుంటుంది. పైన గొట్టం విప్పి ఉంది, ట్యాంకు తెరిచి ఉంది. కింద ఆ కన్నానికి ఎదురుగా నాలుగడుగుల దూరంలో మేం నిలబడి ఉన్నాం.

డాక్టరుగారు అగ్గిపుల్ల గీశారు. కర్పూరం అంటుకుంది. మామ్మగారు పళ్ళెం అందుకుని ఒక చుట్టు తిప్పారు.

తలుపు దగ్గర ఖాళీ డ్రమ్ము కిందపడిన చప్పుడు. ఫోర్‌మన్ పరిగెత్తడం నేనెన్నడూ చూడలేదు. వచ్చినవాడు వచ్చినట్టే మామ్మగారి చేతుల్లోంచి పళ్ళెం లాక్కుని, మంట మీద అరచెయ్యి బోర్లించి, అలాగే బయటికి పరిగెత్తి, తడి కంకర మీద పారేశాడు. ఇంకా వెలుగుతున్న కర్పూరం ముక్కని బూటుతో తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. ఆరిపోయాక కూడా తొక్కుతూనే ఉన్నాడు. తరవాత మాకేసి తిరిగి "బయటికి! అందరూ బయటికి రండి!" అని అరిచాడు.

బయటికి వచ్చాక డాక్టరుగారి మొహం కందగడ్డలా ఉంది. "డు యూ నో వాట్ యూ జస్ట్ డిడ్? దట్ ఈజ్ మై మదర్!" అని కేకలు. ఫోర్‌మన్ రొప్పుతూ "షెడ్డంతా గ్యాస్ ఆవిరి. ఇంకో నిమిషమైతే మీరెవరూ మిగిలేవాళ్ళు కాదు" అంటున్నాడు. ఎవరికి వినపడింది? హారతిని బూటుకాలితో తొక్కాడన్నదొక్కటే వాళ్ళకి కనిపిస్తోంది. వదినగారు ఏడుపు. "పండగపూట దీపం ఆర్పేశాడు, ఇంకేం శుభం జరుగుతుంది!" మామ్మగారు మాత్రం ఫోర్‌మన్‌కేసే చూస్తూ నిలబడ్డారు.

ఈ గోలకి ఓనరు ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చాడు. అంతా విన్నాడు, ఎవరివైపు నిలబడాలో ఒక్క క్షణంలో తేల్చుకున్నాడు.

"కస్టమర్లు లోపలుండగా ట్యాంకు ఎందుకు తీస్తున్నావు?"

"ఎవరూ రారని నాకు చెప్పారు" అన్నాడు ఫోర్‌మన్.

"ఎవరు చెప్పారు?"

ఫోర్‌మన్ నాకేసి చూశాడు. పేరు చెప్పలేదు. నేను చెబుతానేమోనని ఆగాడు. నేను వంగి కంకరలోంచి ఆ పళ్ళెం తీసి, కొంగుతో తుడిచాను. అది చొట్టపడింది. ఆ పూట నేను చేసిన పని అదొక్కటే.

"డాక్టర్‌కి సారీ చెప్పు" అన్నాడు ఓనరు.

"ఎందుకు చెప్పాలి? మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ తొక్కుతాను."

"అయితే నీ సామాను తీసుకో."

ఆయన తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళ పనిముట్లు ఒక ఎర్రటి డబ్బాలో సర్దుకుని, ఎడంచేత్తో మోసుకుంటూ ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. ఎడంచెయ్యే ఎందుకు వాడుతున్నాడని కూడా నాకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం అరవైమంది భోజనాల దగ్గర పులిహోర వడ్డించింది నేనే. "తెల్లవాడి పొగరు చూశారా" అని ఒకరు, "స్యూ చెయ్యాలండీ వాణ్ణి" అని ఇంకొకరు. నన్ను సాక్ష్యం అడిగారు. "అంతా చాలా ఫాస్ట్‌గా అయిపోయిందండీ" అన్నాను. ఇంటికొచ్చాక మావారు ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. ఆదివారమంతా ఆ తలనొప్పితోనే పడుకున్నాను. ఫోర్‌మన్ భార్య మందుల సంగతే తిరుగుతోంది బుర్రలో.

సోమవారం పొద్దున ఓనరు గదిలోకి వెళ్ళి, ఎవరూ రారని చెప్పింది నేనేనన్నాను. టికెట్ రెండుసార్లు మార్చింది నేనే, వాళ్ళు వస్తారని తెలిసీ చెప్పనిది నేనే. కావాలంటే నన్ను తీసెయ్యండన్నాను. అతను పెన్సిల్‌తో చెవి గోక్కున్నాడు.

"నాకెందుకు చెబుతున్నావు? డాక్టర్‌కి చెప్పు. ఆయన సరేనంటే వాణ్ణి మళ్ళీ పిలుస్తాను."

కస్టమరే వేదం! తల గోడకి కొట్టుకోవాలనిపించింది. కానీ అతను చెప్పింది తప్పా? కాదు. ఆ సాయంత్రం తిన్నగా డాక్టరుగారింటికి వెళ్ళాను. సోఫా అంచున కూర్చుని, ఆవిరి సంగతి, బిరడా సంగతి, నా అబద్ధం సంగతి, మొత్తం చెప్పాను. మామ్మగారు పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు.

డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీ మాట కాదనలేక, అన్నయ్యగారూ."

"నేనేమన్నా పులినా?"

"నువ్వాగరా" అన్నారు మామ్మగారు. చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టారు. "ఏమే పిల్లా, మా తోడికోడలు కిరసనాయిల్ స్టౌ పేలి, నా కళ్ళముందే పోయింది. నిప్పంటే ఏమిటో నాకు తెలీదనుకున్నావా? ఒక్క ముక్క చెబితే ఆ కాయేదో బయటే కొట్టుకుని వచ్చేవాళ్ళం కదే! దేవుడు షెడ్డులోనే ఉంటానన్నాడా? ఆ ముసలాయన మంటని అరచేత్తో పట్టుకున్నాడు, నేను చూశాను. చెయ్యి కాలిందేమోనని మీలో ఒక్కరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. ఇంట్లో డాక్టరున్నా అడగలేదు. ఇంత సులువా? ఈ ఒక్క ముక్క చెప్పడానికా నేను అంత భయపడి, అబద్ధమాడి, ఒక మనిషి కూడు పడగొట్టింది? నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

మర్నాడు డాక్టరుగారు ఓనరుకి ఫోన్ చేసి, ట్యాంకులో ఎంత ఉంచాలో ఫోర్‌మన్ చెప్పినట్టే చెయ్యండి, ఇక నేను నోరెత్తనన్నారు. ఆ తరవాత తల్లిని వెంటబెట్టుకుని ఫోర్‌మన్ ఇంటికి వెళ్ళారు. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలీదు. ఆయన కుడి అరచెయ్యి బొబ్బలెక్కి ఉందని, డాక్టరుగారే దగ్గర కూర్చుని కట్టు కట్టారని మాత్రం వదినగారు చెప్పింది.

గురువారం పొద్దున ఫోర్‌మన్ పనిలోకి వచ్చాడు. కట్టు కట్టిన చేతితో తిన్నగా నా డెస్క్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నేను లేచాను. మూడు రోజులుగా అద్దం ముందు తయారుచేసుకున్న మాటలన్నీ ఒక్కసారి వచ్చేశాయి. అబద్ధం చెప్పాను, తప్పు నాది, మీ ఉద్యోగం, మీ ఆవిడ అంటూ ఏదేదో అన్నాను. ఆయన బాగున్న చెయ్యి ఎత్తి ఆపాడు.

"అది తెలుసు. నువ్వు ఒప్పుకున్నావని ఓనరు చెప్పాడు. నేను ఒకటే అడుగుతాను, కెమిస్ట్. ఆ రోజు బోటు వెనక నిలబడ్డప్పుడు నీకు వాసన రాలేదా?"

ఓనరుకీ, డాక్టరుగారికీ, మావారికీ అందరికీ ఒకటే చెప్పాను. షెడ్డులో ఎప్పుడూ ఏదో వాసన ఉంటూనే ఉంటుంది, నేను గమనించలేదని. అందరూ నమ్మారు. నిజం అది కాదు. వెనకవైపుకి తిరగగానే కళ్ళు మండేంత వాసన కొట్టింది. అదేమిటో, నేలమీద ఎంత ఎత్తున ఉంటుందో, అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో అక్కడున్న నలుగురిలో తెలిసింది నాకొక్కదానికే. డాక్టరుగారి చేతిలో అగ్గిపెట్టె తెరుచుకుంటోంది. మామ్మగారు "రావే, హారతి కళ్ళకద్దుకుందువుగాని" అని పిలిచారు. నేను చేతులు జోడించుకుని దగ్గరికి జరిగాను.

"వచ్చింది" అన్నాను.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన ఎడంచేత్తో డెస్క్ మీదున్న ఆ రోజు టికెట్లు తీసుకున్నాడు.

"మంచిది. నీ ముక్కు పోయిందేమోనని భయపడ్డాను. ముక్కు పోతే నేనేం చెయ్యలేను" అన్నాడు. తలుపుదాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "నోటి సంగతి నువ్వే చూసుకో."